ఒకే పురుగు, వేరే వేరే పంటలు: తిండి మారితే పురుగు బతుకు ఎలా మారుతుంది?

శనగ చేలో ఆకుపచ్చగా కనిపించే పురుగు, కంది పూతలో గోధుమ రంగులోనో ఎర్రటి ఛాయలోనో కనిపించేది, టమాటా కాయకు బొక్క పెట్టి తల లోపల, ఒళ్ళు బయట పెట్టుకుని తినేది, పత్తిలో మొగ్గల్నీ కాయల్నీ తొలిచేది, ఇవన్నీ ఒకటే పురుగు. శాస్త్రవేత్తలు హెలికోవెర్పా ఆర్మిజెరా అంటారు, మన దగ్గర శనగపచ్చ పురుగు. ఒంటి రంగు కూడా చాలావరకు తిన్న తిండిని బట్టి మారుతుంది కాబట్టి, ఒకే ఊళ్ళో దీన్ని రెండు మూడు రకాల పురుగులనుకోవడం మామూలే. 180కి పైగా మొక్కల మీద ఇది బతకగలదని లెక్క తేల్చారు, అందులో పంటలున్నాయి, గట్ల మీది కలుపు మొక్కలూ ఉన్నాయి.

బతకగలదు సరే, అన్నిటి మీదా ఒకేలా బతకదు. ఒక పంట మీద గబగబా పెరిగి లావుపాటి ప్యూపాగా, అంటే రెక్కలు రాకముందు తిండి మాని కదలకుండా ఉండే దశలోకి మారుతుంది, ఇంకోదాని మీద ఈడ్చుకుంటూ పెరుగుతుంది, మరోదాని మీద సగం పిల్లలు మొదటి వారంలోనే పోతాయి. పురుగు మీద చర్చ మన దగ్గర ఎప్పుడూ ఏ మందు కొట్టాలన్న దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. అది ఇప్పుడు ఏం తింటోంది, ఇక్కడికి రాకముందు ఏం తింది అన్న ప్రశ్న ఎవరూ అడగరు. నిజానికి చేలో ఎంత నష్టం జరగబోతోందో సగం ఆ ప్రశ్నలోనే తేలిపోతుంది.

ముందు రోజుల లెక్క చూద్దాం. మన వాతావరణంలో ఈ పురుగు గుడ్డు పొదగడానికి 3-4 రోజులు పడుతుంది, లార్వాగా, అంటే పాకే పిల్ల పురుగుగా రెండు మూడు వారాలు తింటుంది, తర్వాత మట్టిలోకి దిగి ప్యూపాగా మారి 10-14 రోజులకు రెక్కల పురుగై బయటికొస్తుంది. గుడ్డు దశకూ ప్యూపా దశకూ ఎక్కువగా ఎండా చలీ లెక్క. లార్వా దశను మాత్రం ఎండతో పాటు తిండి కూడా గట్టిగా శాసిస్తుంది. మంచి తిండి దొరికితే అయిదారు దశల్లో పని ముగిస్తుంది, నాసి తిండైతే ఇంకోసారి కుబుసం విడిచి అదనంగా మరో దశ గడుపుతుంది. వారం పది రోజుల తేడానే కదా అనిపించవచ్చు. ఉదాహరణకు తరం 30 రోజుల్లో పూర్తయితే 120 రోజుల్లో నాలుగు తరాలు, 40 రోజులు పడితే మూడే. ఒక్కో ఆడ పురుగుకి బతికి బట్టకట్టే ఆడ పిల్లలు అయిదు చొప్పున అనుకుంటే మొదటి లెక్కలో ఒక పురుగు 625 అవుతుంది, రెండో లెక్కలో 125 దగ్గరే ఆగుతుంది. ఇది కాగితం మీది లెక్కే, పొలంలో పిట్టలూ పరాన్నజీవులూ వానలూ దీన్ని ఎప్పుడూ చెడగొడుతూనే ఉంటాయి, కానీ తేడా ఏ స్థాయిలో ఉంటుందో అర్థం కావడానికి చాలు.

రోజులతో పాటు బరువు కూడా లెక్కే. లార్వాగా తిన్నదంతా ప్యూపా బరువులో కనిపిస్తుంది, ఆ బరువు ఆడ రెక్కల పురుగు పెట్టే గుడ్ల సంఖ్యలో కనిపిస్తుంది. ఇది వందల నుంచి వెయ్యికి పైగా గుడ్లు పెట్టే జాతి కాబట్టి, నాసి తిండి తిని సన్నబడ్డ ఆడ పురుగు గుడ్లలో ఏ మూడో వంతో తగ్గించినా తర్వాతి పంట వాడికి అది పెద్ద లాభమే. పురుగు తిన్నది ఒకరి చేలో, దాని ఫలితం పడేది ఇంకొకరి చేలో.

మొక్కకీ మొక్కకీ ఇంత తేడా ఎందుకంటే, మొదటి కారణం నైట్రోజన్. కీటకం ఒంటి పొడి బరువులో నైట్రోజన్ 7 నుంచి 14 శాతం దాకా ఉంటుంది. మొక్క కణజాలాల్లో చాలావాటిలో అది అందులో సగం కూడా ఉండదు. అంటే ఆకు తినే పురుగు తన ఒంటికి కావాల్సిన మాంసకృత్తుల కోసం గంపెడు ఆకు నమలాలి. అందుకే పూత, పిందె, లేత గింజ అంటే దీనికి అంత ఇష్టం, మాంసకృత్తులు పోగయ్యేది అక్కడే. ఒకే మొక్క మీద ముదురు ఆకు తిన్న పిల్లకూ పూత తిన్న పిల్లకూ ఎదుగుదలలో ఎంతో తేడా ఉంటుంది. అందుకే ఫలానా పంట మీద పురుగు ఇన్ని రోజుల్లో పెరుగుతుందని ఎవరైనా అంటే, ఆ పంటలో ఏ భాగం, ఏ వయసులో అని ఎదురు అడగాలి. యూరియా బస్తాలు గుమ్మరించిన చేలో పురుగు ఎక్కువన్న మాటలోనూ నిజం ఉంది, వరిలో దోమపోటు, పత్తిలో పచ్చదోమ లాంటి రసం పీల్చే వాటిలో అది మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

రెండో కారణం మొక్క తన రక్షణకు పెట్టుకున్న ఏర్పాట్లు. ఇక్కడే కథ అసలు ఆసక్తిగా మారుతుంది, ఎందుకంటే ఏ రెండు పంటల ఏర్పాటూ ఒకటి కాదు.

శనగ సంగతే తీసుకోండి. మంచు పడ్డ పొద్దున శనగ మొక్క కొస తుంచి నోట్లో వేసుకుంటే పుల్లగా తగులుతుంది. ఆకుల మీద, కాయల మీద ఉండే సన్నటి నూగులో గ్రంథులుంటాయి, వాటిలోంచి మాలిక్ ఆమ్లం, ఆక్సాలిక్ ఆమ్లం ఊరుతుంటాయి. ఏళ్ళ తరబడి మాలిక్ ఆమ్లమే పురుగును ఆపుతుందని అనుకున్నారు. 1990ల్లో పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌లో శనగ రకాలను పోల్చి చూసినప్పుడు, లార్వా ఎదుగుదలను తొక్కిపెట్టేది ప్రధానంగా ఆక్సాలిక్ ఆమ్లమని తేలింది. అది ఎక్కువగా ఊరే రకాల మీద పురుగు అక్కడికక్కడ చచ్చిపోదు, ఎదగడమే మందగిస్తుంది. చూడ్డానికి చిన్న విషయంలా ఉన్నా చిన్న లార్వాగా గడిపే ప్రతి అదనపు రోజూ దానికి గండమే, పిట్టకు దొరకొచ్చు, పరాన్నజీవికి దొరకొచ్చు, మందు కొడితే పెద్ద పురుగు కంటే ముందు పోతుంది. జోరు వాన పడితే ఈ పులుపు కడుక్కుపోతుంది కూడా. మబ్బు పడితే శనగలో పురుగు లేస్తుందని రైతులు అనే మాటకు ఉన్న కారణాల్లో ఇదొకటి కావచ్చు, తేమా చల్లదనమూ వేరే కారణాలు.

తమాషా ఏమిటంటే ప్రయోగశాలల్లో ఇదే పురుగును తరాల తరబడి పెంచేది శనగపిండి మీద. బజ్జీలకు వాడే పిండే, దానికి ఈస్టు, విటమిన్లు, అగర్ కలిపి ముద్ద చేసి చిన్న గిన్నెల్లో పెడతారు, పురుగు హాయిగా పెరుగుతుంది. గింజలో మాంసకృత్తులు ఉంటాయి కానీ ఆకు మీది పులుపు ఉండదు. శనగ ఈ పురుగుకి మంచి తిండా కాదా అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు రాదు, ఆకు దగ్గర ఒక జవాబు, గింజ దగ్గర ఇంకొకటి. పిల్ల పురుగు పులుపును దాటుకుని కాయలోకి తల దూర్చిందంటే ఇక దానికి పండగే.

కంది ఇంకో రకం. మనం సాగు చేసే కందిలో పూత, కాయ పురుగును తెగ ఆకర్షిస్తాయి, కాయ పైపొరలోని కొన్ని పదార్థాలు తినమని ఉసిగొల్పుతాయి కూడా. కంది అడవి బంధువు కజానస్ స్కరబియాయిడిస్ అనే తీగ కాయల మీద మాత్రం గ్రంథుల్లేని దట్టమైన నూగు ఉంటుంది, అప్పుడే పొదిగిన పిల్ల ఆ నూగును దాటి కాయ పొరను చేరలేక ఆకలితో పోతుంది. గింజల్లో ఇంకో అడ్డంకి ఉంది, మాంసకృత్తులను అరగనివ్వని పదార్థాలు. పురుగు పొట్టలో మాంసకృత్తులను విడగొట్టే ఎంజైములను ఇవి బంధించేస్తాయి. పురుగు మాత్రం తక్కువ తిన్నదా? తిండి మారగానే పొట్టలోని ఎంజైముల మేళవింపును మార్చుకుని, ఆ పంట అడ్డంకికి లొంగని ఎంజైములను తయారుచేసుకుంటుంది. 180 మొక్కల మీద బతకగలగడం వెనకున్న అసలు బలం ఇదే. సాగు రకాల్లోని అడ్డంకులకు ఇది ఏనాడో అలవాటుపడిపోయింది, అడవి బంధువుల్లోని వాటికి ఇంకా అంతగా కాలేదు, అందుకే కొత్త రకాలు తయారుచేసేవాళ్ళు పదే పదే ఆ అడవి తీగల వైపు చూస్తారు.

కందిలో ఎక్కువమంది పట్టించుకోని విషయం మరొకటుంది. మొక్క పురుగు మీద మాత్రమే పనిచేయదు, పురుగును తినే మిత్ర పురుగుల మీద కూడా పనిచేస్తుంది. ట్రైకోగ్రామా అనే అతి చిన్న పరాన్నజీవి ఈ పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టి చంపేస్తుంది, ట్రైకో కార్డుల పేరుతో రైతులకు అమ్మేది దీన్నే. జొన్న మీద పెట్టిన గుడ్లను ఇది బాగా వెతికి పట్టుకుంటుంది. కంది పూత, కాయల మీద జిగురు నూగులో దాని కాళ్ళు చిక్కుకుపోతాయి, అందువల్ల అక్కడ దాని పని నామమాత్రమే. శనగ మీద ఆ పులుపులో దాదాపు ఏమీ చేయలేదు. అంటే శనగ పులుపు పురుగును నెమ్మదింపజేస్తూనే పురుగు గుడ్డుకి కాపలా కూడా కాస్తోంది. కాంపొలెటిస్ అనే ఇంకో పరాన్నజీవి చిన్న లార్వాల మీద దాడి చేస్తుంది, దానికి శనగ పెద్ద అడ్డంకి కాదు. కాబట్టి అన్ని పంటలకూ ఒకే ట్రైకో కార్డు సలహా ఇవ్వడం అర్థం లేని పని, శనగలో ఆ డబ్బు దండగ.

పత్తి దగ్గరికొస్తే ఆకు మీద, కాయ మీద నల్లటి చుక్కలు కనిపిస్తాయి కదా, అవి గాసిపోల్ అనే విషం నిండిన గ్రంథులు. అమెరికాలో ఆ గ్రంథులు లేని పత్తిని తయారుచేసి వేసినప్పుడు, అంతకు ముందు పత్తి జోలికి రాని కీటకాలు కూడా వచ్చి పడ్డాయి, దాన్ని బట్టి గాసిపోల్ ఎంతమందిని దూరంగా ఉంచుతోందో తెలిసింది. మన శనగపచ్చ పురుగుకి మాత్రం దాన్ని తట్టుకునే దారి ఉంది. 2007లో చైనా శాస్త్రవేత్తలు ఈ పురుగు పొట్టలో గాసిపోల్ తగలగానే చురుకయ్యే ఒక జన్యువును గుర్తించారు, దాన్ని అణిచేస్తే గాసిపోల్ కలిపిన తిండి మీద లార్వా సరిగా ఎదగలేకపోయింది. ఆ తర్వాతి పరిశోధనల్లో ఇంకా చిక్కైన సంగతి బయటపడింది: గాసిపోల్ తిన్న లార్వాలు డెల్టామెత్రిన్ అనే సింథటిక్ పైరిత్రాయిడ్ మందును కూడా మామూలు కంటే ఎక్కువ తట్టుకున్నాయి. మొక్క విషాన్ని విరిచే ఎంజైములే మందును కూడా విరిచేస్తున్నాయన్నమాట. ఇది చదివితే 1980ల చివరి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి గుర్తురాక మానదు. 1987-88లో అక్కడ పైరిత్రాయిడ్లు ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావలేదు, పంట పోయింది, అప్పుల పాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అక్కడ పురుగుకి నిరోధకత, అంటే మందుకు లొంగని గుణం రావడానికి ప్రధాన కారణం అవే మందులు పదే పదే కొట్టడమే, అందులో సందేహం లేదు. కానీ పత్తి మీద పెరిగిన పురుగు మందు పడక ముందే కొంత సిద్ధపడి ఉంటుందన్న సంగతి అప్పటి సలహాల్లో ఎక్కడా లేదు.

పత్తి ఆకు పైన ఉండే క్షార గుణం కూడా ఒక సమస్యే. పురుగుకి జబ్బు తెచ్చే ఎన్‌పీవీ వైరస్ ద్రావణం ఆ ఆకుల మీద త్వరగా శక్తి కోల్పోతుంది. అదే పురుగు, అదే వైరస్, పంట మారితే ఫలితం మారిపోతుంది. నూగు విషయంలోనూ పత్తిది రెండు వైపులా పదునే. ఆకు మీద నూగు ఎక్కువున్న రకాల జోలికి పచ్చదోమ అంతగా రాదు, శనగపచ్చ పురుగు తల్లికి మాత్రం గుడ్లు పెట్టడానికి ఆ నూగే కావాలి.

ఇంతవరకూ ఒక పంట, ఒక పురుగు. ఊరంతటినీ కలిపి చూస్తే ఇంకో బొమ్మ కనిపిస్తుంది. దక్షిణాదిలో ఈ పురుగు చాలావరకు ఏడాది పొడుగునా తిరుగుతూనే ఉంటుంది. వానాకాలంలో మొక్కజొన్న కంకి, జొన్న, పత్తి మీద, చలికాలానికి కంది పూత మీద, ఆ వెంటనే శనగ మీద, ఎండాకాలంలో నీళ్ళున్న చోట టమాటా, బెండ మీద, ఏమీ లేనప్పుడు కలుపు మీద. ఒక పంట ముదిరి ఎండిపోయే వేళకు ఇంకోటి పూతకొస్తుంది. తాండూరు వైపు కంది, కర్నూలు, ప్రకాశం నల్లరేగళ్ళలో శనగ, ఇవి ఎవరికి వారు చూసుకునే పంటలే కానీ రెక్కల పురుగుకి గట్లూ మండలాల సరిహద్దులూ తెలియవు. శనగలో పురుగు ఉధృతి ఎంతన్నది శనగ విత్తక ముందే చుట్టుపక్కల కందిలో, పత్తిలో ఎంత లావుపాటి ప్యూపాలు తయారయ్యాయో దాన్ని బట్టి కొంత ఖరారైపోయి ఉంటుంది.

ఇన్ని పంటలు తినే ఈ అలవాటు వల్ల మనకు ఒక మేలు కూడా జరిగింది. 2002లో బీటీ పత్తికి, అంటే పురుగును చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునేలా ఒక బాక్టీరియా జన్యువు చేర్చిన పత్తికి అనుమతి వచ్చినప్పుడు, పురుగుకి నిరోధకత రాకుండా పత్తి చుట్టూ నాన్ బీటీ వరసలు వేయాలని నిబంధన పెట్టారు, 450 గ్రాముల సంచితో పాటు 120 గ్రాముల నాన్ బీటీ గింజలు ఇచ్చేవారు. చాలామంది వాటిని పక్కన పడేశారు. అయినా శనగపచ్చ పురుగు బీటీకి పెద్దగా లొంగకుండా పోలేదంటే, కందిలో, శనగలో, టమాటాలో, జొన్నలో బీటీ విషం ఎరగని పురుగులు కోట్లలో పుడుతూ వచ్చి బీటీ చేలోంచి బయటపడ్డ కొద్దిపాటి మొండి పురుగులతో జత కట్టి వాటి గుణాన్ని పలచన చేస్తూ వచ్చాయి కాబట్టే.

గులాబీ రంగు పురుగు విషయంలో సరిగ్గా ఇదే జరగలేదు. దానికి పత్తే ప్రపంచం, బెండ లాంటి ఒకటి రెండు బంధు మొక్కలు తప్ప వేరే దిక్కు లేదు. ఊళ్ళో పత్తి అంతా బీటీ అయితే దాని తిండి అంతా బీటీయే, విషం ఎరగని పురుగు పుట్టడానికి చోటే లేదు. కొన్ని సంచుల్లో నాన్ బీటీ పత్తికి బదులు కంది గింజలు వచ్చాయి, శనగపచ్చ పురుగుకి అది సరైన ఏర్పాటే, కంది తినని గులాబీ పురుగుకి దాంతో ఏ సంబంధమూ లేదు. పైగా మన దగ్గర వేసేది హైబ్రిడ్ పత్తి కాబట్టి ఒకే కాయలోని గింజల్లో కొన్నిటిలో బీటీ విషం ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. గింజ నుంచి గింజకు పాకే పురుగుకి ఆ కాయే అలవాటుపడే బడి అయింది. 2010 నాటికి గుజరాత్‌లో మొదటి రకం బీటీకి లొంగని గులాబీ పురుగు బయటపడింది, 2015 తర్వాత రెండు జన్యువుల బోల్‌గార్డ్ 2 కూడా గుజరాత్, మహారాష్ట్ర, తెలుగు రాష్ట్రాల్లో దాన్ని ఆపలేకపోయింది. రెండు పురుగులూ పత్తి కాయ తొలిచేవే, రెండిటి మీదా అదే బీటీ, ఫలితాలు ఇంత వేరుగా రావడంలో ఎవరు ఏమేం తినగలరన్నదే పెద్ద తేడా.

గులాబీ పురుగు తిండిలో మరో మెలిక ఉంది. పగళ్ళు తగ్గి చలి పెరిగే వేళకు దాని లార్వా నిద్రాణ స్థితిలోకి పోతుంది. పగటి పొడుగుతో పాటు తిన్న గింజ ముదురుదనం కూడా ఇందుకు కారణం, నూనె ఎక్కువున్న ముదురు గింజలు తిన్న లార్వాలు ఎక్కువగా నిద్రాణంలోకి వెళ్తాయి. జనవరి దాటినా చివరి నాలుగు కాయల కోసం పత్తి కట్టెను చేలో ఉంచితే, ఎండిన కాయల్లో, గుడ్డి పత్తిలో పడుకున్న పురుగు వచ్చే సీజన్‌కి విత్తనంలా మిగిలిపోతుంది. డిసెంబరు ఆఖరుకి పంట ముగించండి, కట్టె తీసేయండి అని అధికారులు మొత్తుకునేది అందుకే. నీళ్ళున్న రైతుకి అది మింగుడుపడని సలహా, ధర బాగున్న ఏడాది అయితే మరీనూ.

ఈ రంగంలో వచ్చే పరిశోధనలు చదివేటప్పుడు కాస్త జాగ్రత్త అవసరం. ఒక పత్రం పత్తి మీద పురుగు త్వరగా పెరిగిందంటుంది, ఇంకోటి కంది మీద అంటుంది, మూడోది శనగ అంటుంది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. చాలా ప్రయోగాల్లో ఆకులు కోసుకొచ్చి డబ్బాలో పెట్టి పురుగుకి వేస్తారు, కోసిన ఆకు బతికున్న మొక్క చేసే పనులన్నీ చేయలేదు. టమాటా ఆకును పురుగు కొరికితే గంటల్లో మొక్క మిగతా ఆకుల్లో కూడా అరుగుదలను అడ్డుకునే పదార్థాలు తయారుచేసుకుంటుందని 1972లోనే తేలింది, డబ్బాలోని ఆకులో ఆ హెచ్చరిక వ్యవస్థ తెగిపోయి ఉంటుంది. పైగా పురుగులు ఎక్కడి నుంచి తెచ్చారు, అవి ఎన్ని తరాలు శనగపిండి తిన్నాయి, గది ఎంత వేడిగా ఉంది, ఆకా పిందా, ఇవన్నీ ఫలితాన్ని మార్చేస్తాయి. ఒకే ప్రయోగంలో పక్కపక్కన పెట్టి పోల్చిన పంటల వరుస నమ్మొచ్చు, వేరే వేరే పత్రాల్లోని రోజుల సంఖ్యలను పక్కపక్కన పెట్టి పట్టిక వేయడం మాత్రం ప్రమాదం.

పురుగు ఇష్టాయిష్టాలను నేరుగా వాడుకునే పద్ధతి ఎర పంట. టమాటా వరసల మధ్య బంతి వేయడం, పత్తి చుట్టూ, వేరుశనగ చుట్టూ ఆముదం వేయడం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న సలహా. బంతి పూత శనగపచ్చ పురుగు కోసం, ఆముదం పొగాకు లద్దె పురుగు కోసం. లద్దె పురుగు ఆముదం ఆకు అడుగున గుంపుగా గుడ్లు పెడుతుంది, పొదిగిన పిల్లలన్నీ ఒకే ఆకు మీద చేరి పచ్చదనం గోకేస్తే ఆకు జల్లెడాకులా మారి దూరానికే కనిపిస్తుంది. ఆ ఆకును తుంచి నలిపేస్తే వందల పురుగులు ఒక్క చేతితో పోతాయి. అలా తుంచే మనిషి లేకపోతే మాత్రం ఆముదం వేయకపోవడమే మేలు. లద్దె పురుగు అన్నిటికంటే బాగా పెరిగే మొక్కల్లో ఆముదం ఒకటి, దాని మీద త్వరగా, బలంగా పెరిగిన లద్దె పురుగులు ఆకులు అయిపోగానే రాత్రికి రాత్రి పక్క వరసల్లోకి దిగుతాయి. చాలా ఊళ్ళలో ఆముదం వరసలు వేసే దాకా శ్రద్ధ ఉంటుంది, వారానికి రెండుసార్లు తిరిగి ఆకులు తుంచే కూలీ ఖర్చు మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండదు.